కొత్త స్ట్రాటజీ బోర్డ్ గేమ్‌ను స్నేహితులతో తొలిసారి ఆడడం: పెట్టె తెరవడం నుంచి అభిప్రాయం తేల్చుకోవడం దాకా

"మంచి పేరున్న ఆటే తెచ్చాం, ఒకసారి ఆడాం, ఆ తర్వాత ఎవరూ దాని ఊసెత్తలేదు. తేడా ఎక్కడ వచ్చింది?" అని స్ట్రాటజీ బోర్డ్ గేమ్స్ కొత్తగా మొదలుపెట్టినవారు పదే పదే అడుగుతున్నారు. వివరాల్లోకి వెళ్తే చాలాసార్లు ఒకే సంగతి బయటపడుతుంది: వారు విసిగిపోయింది ఆ పూట గడిచిన తీరుతో, ఆటతో వారికి అసలు పరిచయమే సరిగా కాలేదు. నియమాలను ముప్పావుగంట సేపు చదివి వినిపించి ఉంటారు, నలుగురి ఆటకు ఆరుగురిని కూర్చోబెట్టి ఉంటారు, లేదా కీలకమైన నియమాన్నొకదాన్ని మొదటి నుంచి చివరి దాకా తప్పుగా ఆడి ఉంటారు.

ఆటను తెచ్చి, నేర్పి, ఆడించే బాధ్యత తీసుకున్న వ్యక్తి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. స్నేహితులకు ఆ ఆట తప్పక నచ్చేలా చేయడం ఎవరి చేతుల్లోనూ లేదు. నచ్చినా నచ్చకపోయినా ఆ అభిప్రాయం ఆట మీదే ఏర్పడేలా చూడడం మాత్రం మీ చేతుల్లో ఉంది.

## 1. ఎంతమంది, ఎంతసేపు అన్నది తేలాకే ఆటను ఎంచుకోండి

పెట్టె మీద ఉండే ఆటగాళ్ల సంఖ్య ఆ ఆట ఏ హద్దుల్లో సాధ్యమో చెబుతుందే గాని, కొత్తవారికి ఎంతమంది అయితే బాగుంటుందో చెప్పదు. కటాన్ మూల పెట్టె (అదనపు పెట్టెలేవీ కలపని అసలు ఆట) ముగ్గురికి లేదా నలుగురికి మాత్రమే సరిపోతుంది. టెర్రాఫార్మింగ్ మార్స్‌ను ఐదుగురు ఆడవచ్చు గాని, ఐదుగురూ కొత్తవారైతే చేతిలోని కార్డులు చదువుకోవడంతోనే పూట గడిచిపోతుంది. తొలిసారికి ముగ్గురు చాలు. సెవెన్ వండర్స్‌లో అందరూ ఒకేసారి కార్డును ఎంచుకుని ఒకేసారి తిప్పి చూపిస్తారు కనుక, ముగ్గురు ఆడినా ఏడుగురు ఆడినా పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు. ఎంతమంది వస్తారో చివరి దాకా తేలని రోజున ఇటువంటి ఆటే ఆదుకుంటుంది.

పెట్టె మీద రాసిన సమయం ఆట తెలిసినవారి లెక్క. కొత్తవారితో ఆడేటప్పుడు దానికి ఒకటిన్నర రెట్లు, కార్డుల మీద రాత ఎక్కువగా ఉన్న ఆటలకైతే రెట్టింపు వేసుకుని, నేర్పడానికి మరో పావుగంట కలపండి. ఆ మొత్తం మీ దగ్గరున్న సమయాన్ని మించితే వేరే ఆటను తీయండి. 4 నుంచి 8 గంటలు పట్టే ట్విలైట్ ఇంపీరియం వంటివాటిని, ఎంత గొప్పవైనా సరే, స్ట్రాటజీ ఆట అంటే ఏమిటో ఇంకా తెలియని మిత్రబృందం ముందు పెట్టడం వారి మీద దయలేకపోవడమే.

మూడో సంగతి పోటీ స్వభావం. ఒకరినొకరు అడ్డుకోవడం సరదాగా తీసుకునేవారు కొందరైతే, రెండు మూడు రౌండ్లు కట్టుకున్నదాన్ని ఎదుటివారు చెడగొడితే మనసు కష్టపెట్టుకునేవారు కొందరు. ఈ విషయంలో మీ స్నేహితుల గురించి మీకు తెలిసినంత ఏ సమీక్ష రాసినవారికీ తెలియదు.

- పోటీ కొంచెం చాలు, నియమాలు తేలికగా ఉండాలి అనుకుంటే: టికెట్ టు రైడ్, కార్కసోన్.
- తక్కువ మాటలతో నిశ్శబ్దంగా ఎత్తులు వేసుకునేవారికి: స్ప్లెండర్, అజూల్.
- బేరాలు, వాదనలు, నవ్వులు కావాలంటే: కటాన్.
- ఓడిపోవడం ఇష్టంలేనివారు, మొదటిసారి బెరుకుగా ఉండేవారు ఉంటే: అందరూ ఒకే పక్షంగా ఆడే పాండెమిక్.

## 2. రూల్‌బుక్‌ను ముందురోజే చదవండి, అదీ వెనుక నుంచి

అందరూ కూర్చున్నాక పెట్టెకున్న పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని విప్పడం, అట్టముక్కలను చట్రాల్లోంచి ఊడదీయడం, రూల్‌బుక్‌ను మొదటి పేజీ నుంచి పైకి చదవడం: తొలి అభిప్రాయాన్ని చెడగొట్టడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఈ పనులన్నీ ముందురోజే పూర్తి కావాలి.

రూల్‌బుక్‌ను చదివే వరుస ముఖ్యం. మొదట ఆట ఎలా ముగుస్తుందో, పాయింట్లు ఎలా లెక్కిస్తారో చదవండి. తర్వాత ఒక వంతులో ఏమేం చేయవచ్చో చదవండి. ఆ తర్వాత సర్దే పద్ధతిని, చివరగా మినహాయింపులను చదవండి. గెలుపు ఎక్కడుందో తెలిశాక చదివితే ప్రతి నియమం ఎందుకుందో అర్థమవుతుంది. అర్థమైనదాన్నే మీరు రూల్‌బుక్ వైపు చూడకుండా చెప్పగలుగుతారు.

చదివిన తర్వాత తప్పనిసరిగా ఒంటరిగా ఆడి చూడండి. ఇద్దరి స్థానాల్లోనూ మీరే కూర్చుని మూడు నాలుగు రౌండ్లు ఆడితే చాలు, ఆట ముగించనక్కర్లేదు. చదివినప్పుడు తేటగా అనిపించిన వాక్యం కార్డు చేతిలోకి వచ్చేసరికి ఎంత తికమకగా మారుతుందో అక్కడ తెలుస్తుంది. మీరు రూల్‌బుక్ తెరవాల్సి వచ్చిన ప్రతిచోటా ఒక చీటీ పెట్టండి. మర్నాడు మీ స్నేహితులు కూడా సరిగ్గా అక్కడే ఆగుతారు.

## 3. ఎక్కువమంది పప్పులో కాలేసే నియమాలు

కింద చెప్పినవి చిన్న నియమాల్లా కనిపిస్తాయి గాని, తప్పుగా ఆడితే ఆట రుచే మారిపోతుంది.

కటాన్. ఆరంభంలో మొదటి ఇంటిని వరుసగా, రెండో ఇంటిని వెనుక నుంచి ముందుకు పెట్టాలి. అంటే చివర పెట్టినవారు వెంటనే రెండోదీ పెడతారు. తొలి వనరులు రెండో ఇంటికే వస్తాయి. రెండు పాచికల మొత్తం 7 పడితే చేతిలో 7 కంటే ఎక్కువ వనరుల కార్డులున్న ప్రతి ఒక్కరూ అందులో సగం వదిలేయాలి, బేసి సంఖ్య అయితే సగాన్ని కిందికి కుదించాలి. పాచికలు వేసినవారికీ ఈ నియమం వర్తిస్తుంది. డెవలప్‌మెంట్ కార్డును (వనరులిచ్చి కొనుక్కునే ప్రత్యేక కార్డు), గెలుపు పాయింటు కార్డును మినహాయిస్తే, కొన్న అదే వంతులో వాడకూడదు.

టికెట్ టు రైడ్. ఇద్దరు లేదా ముగ్గురు ఆడేటప్పుడు జంట మార్గాల్లో (రెండు ఊళ్ల మధ్య పక్కపక్కనే ఉండే రెండు దారుల్లో) ఒకదాన్ని ఎవరైనా తీసుకుంటే రెండోది మూసుకుపోతుంది. ఇది మరచిపోతే బోర్డు ఖాళీగా, పోటీ లేనట్టుగా ఉంటుంది. "ఎవరి దారి వారిదే" అన్న ఫిర్యాదు చాలావరకు ఇక్కడే పుడుతుంది. తెరచి ఉన్న కార్డుల్లోంచి ఇంజిన్ కార్డును (ఏ రంగుకైనా పనికొచ్చేది) తీసుకుంటే ఆ వంతులో అదొక్కటే, రెండో కార్డు లేదు.

పాండెమిక్. ఎపిడెమిక్ కార్డు (వ్యాధులు ఉన్నట్టుండి ముదిరేలా చేసేది) వచ్చినప్పుడు మూడు పనులు ఒకదాని తర్వాత ఒకటి జరగాలి: వ్యాప్తి వేగాన్ని ఒక గడి పెంచడం, వ్యాధి కార్డుల కట్ట అడుగు నుంచి ఒక కార్డు తీసి ఆ నగరంలో వ్యాధిని సూచించే మూడు ఘనాలు పెట్టడం, వాడేసిన కార్డులను మాత్రమే కలిపి కట్ట పైన పెట్టడం. ఆ కార్డులను మొత్తం కట్టలో కలిపేస్తే ఆట చప్పబడుతుంది, ఎందుకంటే ఒకసారి దెబ్బతిన్న నగరాలే మళ్లీ మళ్లీ దెబ్బతినడంలోనే ఈ ఆట ఉత్కంఠ అంతా ఉంది. ఇంకొకటి: సాధారణంగా ఒక ఆటగాడు మరొకరికి నగర కార్డును ఇవ్వాలంటే, ఇద్దరూ ఆ కార్డు మీద ఉన్న నగరంలోనే ఉండాలి.

స్ప్లెండర్. ఒకే రంగు రాళ్లను (కార్డులు కొనడానికి వాడే రత్నాల బిళ్లలను) రెండు తీసుకోవాలంటే తీసుకోకముందు ఆ దొంతిలో కనీసం నాలుగు ఉండాలి. వంతు ముగిసేసరికి ఎవరి దగ్గరా పదికి మించి ఉండకూడదు. ఇద్దరైతే ఒక్కో రంగుకు నాలుగు, ముగ్గురైతే ఐదు రాళ్లతోనే ఆడాలి. నలుగురి లెక్కన ఏడేసి పెట్టి ఇద్దరు ఆడితే రాళ్లకు కొరతే ఉండదు, కొరత లేకపోతే ఆటే ఉండదు.

అజూల్. మీ బోర్డు మీదున్న గోడలో ఒక వరుసలో ఇప్పటికే అతికించిన రంగు పలకను, దాని ఎడమపక్కనున్న నమూనా గీతలో మళ్లీ పెట్టకూడదు. పెట్టడానికి చోటులేని పలకలన్నీ నేల గడుల్లో పడి పాయింట్లు తగ్గిస్తాయి.

డొమినియన్. వంతు ముగిశాక వాడిన కార్డులు, వాడని కార్డులు అన్నీ వదిలేసి కొత్తగా ఐదు తీసుకోవాలి. మంచి కార్డును తర్వాతి వంతుకు దాచుకోవడం ఇందులో కుదరదు.

## 4. తొలి ఆట కోసం పెట్టెలోంచి తీసి పక్కన పెట్టాల్సినవి

చాలా పెట్టెల్లో కొత్తవారి కోసమే ఒక తేలిక రూపం ఉంటుంది. దాన్ని చిన్నపిల్లల వ్యవహారంగా చూసి దాటేయడం అనుభవం ఉన్నవారు చేసే పొరపాటు. ఆ రూపాన్ని తయారు చేసింది ఆటను తయారు చేసినవారే.

- కటాన్: బోర్డును కలగలపకుండా, కొత్తవారి కోసం రూల్‌బుక్‌లో చూపిన అమరికను వాడండి. ఇళ్ల స్థానాలు కూడా అందులోనే ఉంటాయి.
- కార్కసోన్: పొలాల్లో పడుకోబెట్టే రైతులను (ఆట చివర్లోనే పాయింట్లు తెచ్చే పావులను) తొలిసారి వదిలేయండి.
- పాండెమిక్: నాలుగు ఎపిడెమిక్ కార్డులతోనే ఆడండి.
- టెర్రాఫార్మింగ్ మార్స్: అందరికీ కొత్తవారి కార్పొరేషన్‌నే (ఆటగాడు నడిపే కంపెనీ) ఇవ్వండి. 42 మెగాక్రెడిట్లు (ఆ ఆటలోని డబ్బు) వస్తాయి, పంచిన పది కార్డులనూ డబ్బు కట్టకుండా ఉంచుకోవచ్చు. దాంతో ఆట మొదలుకాకముందే ఏ కార్డు కొనాలన్న తర్జనభర్జన తప్పుతుంది.
- డొమినియన్: మొదటి ఆట కోసం రూల్‌బుక్ సూచించిన పది రకాల కార్డులనే వాడండి.

విస్తరణ పెట్టెలు (అసలు ఆటకు అదనంగా చేర్చుకునేవి) మీ దగ్గరుంటే ఆ రోజుకు వాటి సంగతి ఎత్తకండి. "ఇది కాక ఇంకో మూడు పెట్టెలున్నాయి" అన్న మాట కొత్తవారికి ఉత్సాహం కంటే బెదురే కలిగిస్తుంది.

## 5. అందరూ వచ్చేలోగా బల్ల సిద్ధం కావాలి

☐ బోర్డు పరచి, అందరికీ వారి రంగు పావులు, తొలి కార్డులు లెక్కపెట్టి ఎదురుగా ఉంచారు.
☐ అందరూ వాడే నాణేలు, ఘనాలు రెండు మూడు గిన్నెల్లో ఉన్నాయి; ఏ మూల కూర్చున్నవారికైనా చేయి అందుతుంది.
☐ ఒక వంతులో చేయగల పనుల పట్టిక ప్రతి ఒక్కరి ముందూ ఉంది. పెట్టెలో లేకపోతే చేత్తో రాసి పెట్టండి.
☐ దగ్గరి రంగుల పావులను వెలుతురులో పోల్చి చూశారు. రంగులు గుర్తుపట్టడం కష్టమైనవారు ఉంటే ముందే అడిగి రంగులు మార్చారు.
☐ తినేవి, తాగేవి వేరే చిన్న బల్ల మీద ఉన్నాయి.
☐ రూల్‌బుక్ మీ చేతికి అందే దూరంలో, చీటీలతో సహా ఉంది.

## 6. నియమాలు చెప్పే వరుస

పది నిమిషాలు దాటితే వినేవారి చూపు బోర్డు మీది బొమ్మల వైపు మళ్లుతుంది. ఆ పది నిమిషాల్లో ఏది ముందు, ఏది వెనుక అన్నదే అసలు నైపుణ్యం.

1. మనం ఎవరం, ఏం చేస్తున్నాం: ఒకటి రెండు వాక్యాలు.
2. ఎవరు గెలుస్తారు.
3. ఆట ఎప్పుడు ముగుస్తుంది.
4. నా వంతు వస్తే నేను ఏం చేయగలను.
5. నన్ను దెబ్బతీసేది ఏమిటి.
6. ఒక వంతును చేసి చూపించడం.

టికెట్ టు రైడ్‌ను ఈ వరుసలో చెబితే సుమారుగా ఇలా ఉంటుంది:

"మనమందరం ఈ పటం మీద రైలు మార్గాలు వేసేవాళ్లం. చివర్లో ఎక్కువ పాయింట్లు ఉన్నవారిది గెలుపు. పాయింట్లు రెండు విధాలుగా వస్తాయి: మార్గం వేసిన ప్రతిసారీ కొన్ని, మీ చేతిలోని టికెట్ మీదున్న రెండు ఊళ్లనూ కలిపితే మరికొన్ని. కలపలేకపోతే ఆ టికెట్ మీదున్న పాయింట్లే మీకు తగ్గిపోతాయి, ఇది గుర్తుంచుకోండి. ఒక్కొక్కరి దగ్గర 45 రైలుపెట్టెలున్నాయి. ఎవరి దగ్గరైనా రెండో అంతకంటే తక్కువో మిగిలితే, వారితో సహా అందరికీ ఒక్కొక్క వంతు, అంతటితో ఆట ముగుస్తుంది. మీ వంతులో మూడింట్లో ఒక్కటే చేయాలి: రంగు కార్డులు తీసుకోవడం, లేదా ఉన్న కార్డులిచ్చి ఒక మార్గం వేయడం, లేదా కొత్త టికెట్లు తీసుకోవడం. ఇప్పుడు నేను ఒక మార్గం వేసి చూపిస్తాను, చూడండి. ఇక్కడ నాలుగు నీలం గడులున్నాయి, నాలుగు నీలం కార్డులు వదిలేశాను, నాలుగు పెట్టెలు పెట్టాను, ఏడు పాయింట్లు ముందుకు జరిగాను. పెట్టెకొక పాయింటు లెక్క కాదు. పొడవు పెరిగేకొద్దీ పాయింట్లు ఇంకా వేగంగా పెరుగుతాయి. ఆరు పెట్టెల మార్గానికి పదిహేను."

ఇందులో ఇంజిన్ కార్డుల మినహాయింపు లేదు, జంట మార్గాల నియమం లేదు, చివర్లో అతి పొడవైన దారికి వచ్చే పది పాయింట్ల సంగతి లేదు. మొదటి రెండింటినీ ఆ సందర్భం రాగానే చెప్పవచ్చు. మూడోదాన్ని మొదటి రౌండ్ తర్వాత, మార్గాలను ఎటు పొడిగించాలని అందరూ ఆలోచించే వేళకు చెప్పాలి.

ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పవచ్చు అన్నదానికి నేను పాటించే కొలత ఒకటే. తెలియకపోతే వెనక్కి తీసుకోలేని నష్టం తెచ్చే నియమమైతే ముందే చెప్పాలి, మిగతావి ఆగవచ్చు. పొలం, కుటుంబం నడుపుకునే అగ్రికోలా ఆటలో పంట కోతలప్పుడు కుటుంబానికి తిండి పెట్టలేకపోతే ఒక్కో లోటుకు మూడు పాయింట్లు పోతాయి. ఆ సంగతి నాలుగో రౌండ్ చివర, మొదటి కోత వచ్చాక చెబితే, మీరు ఎంత నిజాయితీగా మరచిపోయినా ఎదుటివారికి అది తొండిలాగే కనిపిస్తుంది.

ఎత్తుగడల గురించి ఒక్క సలహా ఇవ్వండి, అంతకుమించి వద్దు. కటాన్ అయితే గడిలోని సంఖ్య కింద ఎక్కువ చుక్కలున్న చోట ఇల్లు కట్టడం మంచిదని చెప్పండి: రెండు పాచికలతో పడగల 36 కలయికల్లో 6కి ఐదు, 8కి ఐదు ఉండగా, 2కు, 12కు ఒక్కొక్కటే ఉంది. మిగతాది వారే కనిపెట్టాలి. కనిపెట్టడంలోనే ఈ ఆటల సరదా ఉంది.

## 7. మొదటి రౌండ్

మొదటి వంతు మీరే తీసుకుని, చేసే ప్రతి పనినీ పైకి చెబుతూ ఆడండి. రూల్‌బుక్ ఎవరు మొదలుపెట్టాలో చెప్పినా, ఈ ఒక్కసారికి దాన్ని పక్కన పెట్టవచ్చు.

మొదటి రౌండంతా వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే వీలు ఉంటుందని ముందే చెప్పండి. ఎప్పటిదాకా ఉంటుందో కూడా చెప్పండి. హద్దు లేకపోతే చివరి రౌండ్‌లోనూ వెనక్కి తీసుకుంటామంటారు. కార్డులు దాచుకుని ఆడే ఆటల్లో ఎవరికైనా సందేహం వస్తే, అడగడానికి తన కార్డును బయటపెట్టక తప్పదు. అందుకే మొదటి ఒకటి రెండు రౌండ్లు అందరూ కార్డులు తెరచి ఆడడం మేలు.

మీ ఆట ఎలా ఉండాలన్నది కొంత సున్నితమైన విషయం. కావాలని ఓడిపోతే తెలిసిపోతుంది, అది వారిని చిన్నబుచ్చుతుంది. మీకున్న అనుభవమంతా ప్రయోగిస్తే సగం ఆటకే వారు చేతులెత్తేస్తారు. సూటిగా, అందరికీ అర్థమయ్యే ఎత్తుగడ ఒకటి ఎంచుకుని దాన్నే నడపండి. కటాన్‌లో దొంగను (నిలిచిన గడి నుంచి వనరులు రాకుండా ఆపే పావును) అందరికంటే ముందున్నవారి మీదే పెట్టండి, ఎందుకు పెట్టారో చెప్పండి.

## 8. ఆట నడుస్తుండగా వచ్చే చిక్కులు, విరుగుళ్లు

ఒకరు అందరి ఆటా ఆడేయడం. అందరూ ఒకే పక్షంగా ఆడే పాండెమిక్‌లో ఇది ఎక్కువ. ఆట తెలిసిన వ్యక్తి "నువ్వు ఇక్కడికి వెళ్లు, నువ్వు ఆ కార్డు ఇవ్వు" అని నడిపించేస్తే మిగిలిన ముగ్గురూ ఆటలో అరటిపండ్లు అవుతారు. గెలిచినా ఆ గెలుపు వారిది కాదు. సాధారణంగా ఆ వ్యక్తి మీరే కావచ్చు. వంతు ఎవరిదో వారు అడిగితే తప్ప సలహా చెప్పకూడదన్న షరతు పెట్టుకోండి. అడిగినప్పుడు కూడా రెండు దారులు చూపి, ఎంపిక వారికి వదిలేయండి.

ఒకరు మరీ ఎక్కువసేపు ఆలోచించడం. గడియారం పెట్టి తొందరపెట్టకండి. "ఇప్పుడు నీకు అన్నిటికంటే అవసరమైనది ఏమిటి?" అని ఒక్క ప్రశ్న అడగండి, చాలాసార్లు అక్కడే తెములుతుంది. కొన్ని ఆటల్లో ఒకరి చివరి పని ఇతరుల మీద ప్రభావం చూపదు. అప్పుడు వారు దాన్ని ముగిస్తుండగానే పక్కవారిని వంతు మొదలుపెట్టమనవచ్చు.

నియమం మీద వాదం. రూల్‌బుక్‌లో రెండు నిమిషాల్లో దొరక్కపోతే, ఏదో ఒక అర్థాన్ని అందరూ ఒప్పుకుని ఆట చివరి దాకా అదే పాటించండి. ఒక కాగితం మీద రాసుకుని తర్వాత చూడండి.

నియమాన్ని తప్పుగా ఆడుతున్నామని మధ్యలో తెలియడం. ఇది దాదాపు ప్రతి తొలి ఆటలోనూ జరుగుతుంది. దాచకండి. ఆట మొదట్లోనే తెలిస్తే మళ్లీ మొదలుపెట్టండి. సగం దాటితే, తప్పు అందరికీ సమానంగా వర్తించినట్లయితే తర్వాతి రౌండ్ నుంచి సరిచేయండి. ఎవరైనా ఆ తప్పు నియమాన్ని నమ్ముకునే తన ఎత్తుగడంతా కట్టుకుని ఉంటే, చివరి దాకా అలాగే ఆడనివ్వండి. వారి ఆటను కూల్చి నియమాన్ని నిలబెట్టడం ఆ పూటకు అవసరం లేదు.

ఒకరు బాగా వెనకబడడం. గెలుపు ఆశ పోయినవారికి దగ్గరి లక్ష్యం ఒకటి చూపండి: ఒక టికెట్ పూర్తి చేయడం, ఒక నగరం కట్టడం, మూడో స్థానం. జాలి చూపి నియమాలు సడలించడం మాత్రం వద్దు.

## 9. అనుకున్న వేళకు ముగియకపోతే

సగం సమయం గడిచేసరికి ఆటలో మూడోవంతు కూడా జరగకపోతే, అందరితో మాట్లాడి ముగింపును దగ్గరకు తెచ్చుకోండి. కటాన్‌లో పది పాయింట్లకు బదులు ఎనిమిది అనవచ్చు. రౌండ్ల లెక్కన సాగే ఆటను ఒక రౌండ్ చివర ఆపి పాయింట్లు లెక్కించవచ్చు, కాకపోతే ఆ సంగతి కనీసం రెండు రౌండ్ల ముందే అందరికీ తెలియాలి. చివర్లో ఫలితమిచ్చే ఎత్తుగడ పట్టుకున్నవారు ఉన్నట్టుండి ఆపితే నష్టపోతారు.

## 10. అభిప్రాయం అడగడం, విన్నదాన్ని విడదీయడం

ఆట ముగియగానే "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అన్న మర్యాద మాటే వస్తుంది. ఓడిన వేడిలో ఉన్నవారి నుంచి అదీ రాదు. పావులు, కార్డులు పెట్టెలో సర్దుతూ అడగండి. చేతులకు పని ఉన్నప్పుడు మాట తేలికగా వస్తుంది.

అడగదగిన ప్రశ్నలు:

- ఏ వంతులో నీకు నిజంగా ఎటూ తేల్చుకోలేనట్టు అనిపించింది?
- మళ్లీ ఆడితే మొదట్లో ఏది వేరేగా చేస్తావు?
- ఎప్పుడు విసుగొచ్చింది? నీ వంతులోనా, ఇతరుల వంతులోనా?
- ఏ నియమం ఆలస్యంగా అర్థమైంది?

రెండో ప్రశ్న అన్నిటికంటే విలువైనది. దానికి వెంటనే జవాబు వచ్చిందంటే, ఓడినా గెలిచినా, ఆట వారి తలలోకి ఎక్కిందన్నమాట. ఎంత మెచ్చుకున్నా ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే వారు మీ కోసం ఆడారని అనుకోవచ్చు.

ఇక వచ్చే ఫిర్యాదులు. ఒక్కో ఫిర్యాదు వెనుక రెండు మూడు కారణాలు ఉండగలవు, అందులో ఆట తప్పు ఒకటి మాత్రమే.

"అంతా అదృష్టమే." కటాన్ తర్వాత తరచూ వినిపించే మాట. ఆ వ్యక్తి ఇళ్లు ఏ సంఖ్యల మీద పెట్టారో చూడండి. 3, 11, 12ల మీద పెట్టి ఉంటే అది పాచికల తప్పు కాదు, ఆ చుక్కల అర్థం వారికి సరిగా అందలేదు. 6, 8ల మీద పెట్టినా వరుసగా అవి పడకపోతే అది నిజంగానే అదృష్టం, ఆ మాత్రం అదృష్టం ఆ ఆటలో ఉంది. అది భరించలేనివారికి పాచికలు లేని అజూల్ వంటిదాన్ని చూపండి. అందులోనూ పలకలు సంచిలోంచే వస్తాయి గాని, వచ్చినవన్నీ అందరి కళ్లెదుటే ఉంటాయి.

"ఏం చేయాలో తోచలేదు." ఇది దాదాపు ఎప్పుడూ చెప్పిన తీరులోని లోపమే. ఏమేం చేయవచ్చో చెప్పారు, ఎందుకు చేయాలో చెప్పలేదు. తర్వాతిసారి గెలుపు నుంచి మొదలుపెట్టి చెప్పండి.

"చాలాసేపు పట్టింది." గంటల లెక్క అడగకండి, ఖాళీగా కూర్చున్న సమయం గురించి అడగండి. ఇతరుల వంతుల్లో విసుగొస్తే మనుషులు ఎక్కువయ్యారు. అదే ఆటను ఒకరు తక్కువగా ఆడి చూడాలి. తమ వంతుల్లోనే విసుగొస్తే, చేసిన పనే మళ్లీ చేస్తున్నట్టు అనిపిస్తే, ఆట వారికి సరిపడలేదు.

"ఎవరి ఆట వారిదే." ముందు మూడో భాగంలో చెప్పిన నియమాలు సరిగా ఆడారో లేదో చూసుకోండి. సరిగానే ఆడి ఉంటే, ఎదుటివారి బోర్డు వైపు చూడడం వారికింకా అలవాటు కాలేదేమో గమనించండి. స్ప్లెండర్‌లో పక్కవారు కొనబోయే కార్డును మీరు ముందే పక్కకు తీసిపెట్టుకోవచ్చని రెండో ఆటలో గాని చాలామందికి తట్టదు.

"నన్నే అందరూ కొట్టారు." నిజంగా కొట్టారా అన్నది పక్కన పెట్టి, ఈ మాటను గౌరవించండి. ఆ స్నేహితుడికి నేరుగా దాడి చేసే ఆటలు కొంతకాలం వద్దు.

మీ సొంత అభిప్రాయాన్ని అందరికంటే చివర చెప్పండి. ఆట తెచ్చినవారు ముందే "అద్భుతం కదా" అంటే, ఆ తర్వాత ఎవరూ మనసులో మాట చెప్పరు.

## 11. రెండోసారి

నచ్చిందన్నా, సగం నచ్చిందన్నా అదే ఆటను, వీలైతే అదే స్నేహితులతో, నియమాలు మరచిపోకముందే మళ్లీ ఆడండి. రెండోసారి నియమాలు గుర్తుచేయడానికి రెండు మూడు నిమిషాలు చాలు కనుక ఆట అసలు వేగం అప్పుడే కనిపిస్తుంది. మార్చాలనుకుంటే ఒక్కటే మార్చండి: రైతులను చేర్చడమో, ఎపిడెమిక్ కార్డులను ఐదు చేయడమో, ఒక మనిషిని తగ్గించడమో. రెండు మూడు ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తేల్చలేరు.

సరైన సంఖ్యలో, సరైన నియమాలతో రెండుసార్లు ఆడాక కూడా బల్ల చుట్టూ ఉత్సాహం లేకపోతే, ఆ ఆటను ఆ బృందం ముందు మళ్లీ పెట్టకండి. వేరే ఇద్దరితో అదే ఆట చక్కగా నడవవచ్చు.

పెట్టె మూసేముందు అరపేజీ కాగితం ఒకటి రాసి మూత లోపల పెట్టండి. అందులో ఉండాల్సినవి:

☐ ఎంతమంది ఆడారు, నేర్పడానికి ఎంతసేపు, ఆడడానికి ఎంతసేపు పట్టింది.
☐ తప్పుగా ఆడిన నియమం, దాని సరైన రూపం, రూల్‌బుక్‌లో పేజీ.
☐ వాదం వచ్చి తేలని చోటు, తర్వాత చూసిన జవాబు.
☐ చెప్పేటప్పుడు ఎక్కడ అందరూ తికమకపడ్డారు.
☐ ఎవరికి ఏ భాగం నచ్చింది.
☐ తర్వాతిసారి మార్చబోయే ఆ ఒక్క అంశం.